చెరువు కట్టల మీదుగా చుట్టంతో రెండు రోజుల బైక్ ప్రయాణం: నల్లగొండ నుంచి పాలమూరు దాకా

నల్లగొండ నుంచి డిండి, సోమశిల, సరళాసాగర్, కోయిల్‌సాగర్ మీదుగా మహబూబ్‌నగర్ (పాలమూరు) చేరే పక్కదార్ల ప్రయాణానికి ఏమేం సిద్ధం చేసుకోవాలి, ఏది ముందు ఏది తర్వాత అని చాలామంది అడుగుతున్నారు. వాళ్లలో ఎక్కువమంది వెళ్లేది దోస్తులతో కాదు, చుట్టాలతో. బావో, బామ్మర్దో, మేనమామో, చిన్నాయనో వెంట ఉంటారు.

చుట్టంతో వెళ్తే ఒక చిక్కు ఉంటుంది. దోస్తునైతే "ఆపురా, నడుము పట్టేసింది" అంటాం. బావ నడుపుతుంటే ఆ మాట నోట రాదు. చిన్నాయన ముందు వేగంగా పోతుంటే వెనకాల వచ్చేవాడు ఇష్టం లేకపోయినా అదే వేగంతో తోలతాడు. ఈ దారుల్లో జరిగే చాలా పొరపాట్లకు బండి కన్నా మొహమాటమే కారణం. అందుకే బండి పని ఎంత ముఖ్యమో, బయల్దేరే ముందు మాట్లాడుకోవడం కూడా అంతే ముఖ్యం.

## 1. కాలం చూసుకోండి

ఈ దారిలోని చెరువులు, ప్రాజెక్టుల్లో ఆగస్టు చివరి నుంచి సంక్రాంతి దాకా నీళ్లు నిండుగా ఉంటాయి. సోమశిల దగ్గర కనిపించేది శ్రీశైలం ప్రాజెక్టు వెనక జలం (బ్యాక్‌వాటర్). ప్రాజెక్టు పూర్తి మట్టం 885 అడుగులు. మట్టం దానికి దగ్గరగా ఉన్నప్పుడే సోమశిల రేవు దాకా నీళ్లు నిండుగా కనిపిస్తాయి. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోయి బురద తేలుతుంది. ప్రాజెక్టుల మట్టాలు పేపర్లో రోజూ వేస్తారు. బయల్దేరే వారం ముందు నుంచి చూస్తూ ఉండండి.

నెలను బట్టి ఇబ్బంది మారుతుంది:

- ఆగస్టు, సెప్టెంబరు: వాగులు పొంగుతాయి, నాట్లేసి వచ్చిన ట్రాక్టర్ల బురద రోడ్ల మీద ఉంటుంది.
- అక్టోబరు చివరి నుంచి డిసెంబరు: రోడ్ల మీద వడ్లు, పత్తి ట్రాక్టర్లు.
- డిసెంబరు, జనవరి: చెరువుల దగ్గర తెల్లవారుజామున మంచు. ఆరు కాకముందే పొద్దు కూకుతుంది.
- ఏప్రిల్, మే: యాసంగి వడ్లు మళ్లీ రోడ్డెక్కుతాయి, ఎండ 40 డిగ్రీలు దాటుతుంది.

ఒక్కటే ఎంచుకోమంటే నవంబరు చివరి వారాలు, కాకపోతే జనవరి మొదటి వారం. పెద్ద వాన పడిన తర్వాతి రెండు రోజులు మాత్రం ఏ నెలలోనూ వద్దు.

## 2. దారి గీసుకోవడం

మొదటి రోజు: నల్లగొండ, గుర్రంపోడు, కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి, అచ్చంపేట, నాగర్‌కర్నూల్, పెద్దకొత్తపల్లి, సింగోటం, కొల్లాపూర్, సోమశిల. 200 కిలోమీటర్ల పైమాటే.

రెండో రోజు: సోమశిల, కొల్లాపూర్, వనపర్తి, కొత్తకోట, మదనాపురం పక్కన సరళాసాగర్, దేవరకద్ర, కోయిల్‌సాగర్, మహబూబ్‌నగర్. దాదాపు 150 కిలోమీటర్లు.

తిరుగు ప్రయాణం మూడో రోజు పొద్దున పెట్టుకోండి. జడ్చర్ల, కల్వకుర్తి, కొండమల్లేపల్లి మీదుగా పెద్ద రోడ్డే ఉంది. రెండో రోజు రాత్రికే నల్లగొండ చేరాలని పట్టుబడితే చివరి గంటలన్నీ చీకట్లో గడుస్తాయి.

ఫోన్‌లో మ్యాప్ చూపించే సమయాన్ని నమ్మొద్దు. ఇద్దరు ఎక్కిన బండికి ఈ రోడ్ల మీద గంటకు 35 కిలోమీటర్ల సగటు లెక్క వేసుకోండి. 200 కిలోమీటర్లకు దాదాపు ఆరు గంటల నడక, మూడు గంటల ఆగుళ్లు. పొద్దున ఆరింటికి కదిలితే మూడు, నాలుగింటికల్లా సోమశిల. ఏడున్నరకు కదిలితే చీకటి వెంట పడుతుంది.

నేరేడుగొమ్ము దగ్గరి వైజాగ్ కాలనీని కూడా ఇందులో ఇరికించాలని చాలామంది చూస్తారు. నాగార్జునసాగర్ వెనక జలం అక్కడ చాలా బాగుంటుంది, నిజమే. కానీ దేవరకొండ నుంచి అటు పోయి తిరిగి రావడానికి సగం రోజు పోతుంది. దానికి వేరే రోజు పెట్టుకోండి.

డిండి దాటాక శ్రీశైలం వైపు మళ్లాలనిపిస్తే గుర్తుంచుకోండి: మన్ననూరు చెక్‌పోస్టు నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది.

చందంపేట, నల్లమల అంచుల్లో ఫోన్ సిగ్నల్ పోతుంది. మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఊళ్ల పేర్లు వరసగా ఒక కాగితం మీద రాసి ట్యాంకు మీద అతికించుకుంటే ఇంకా మేలు. దారి అడిగేటప్పుడు "కొల్లాపూర్ ఎటు?" అనకుండా తర్వాతి ఊరి పేరు అడగండి. పక్కదార్ల సంగతి ఊరివాళ్లకు పక్క ఊరి దాకానే ఖాయంగా తెలుస్తుంది.

## 3. కదలక ముందు తేల్చుకోవాల్సిన మాటలు

ఈ మాటలు ఇంట్లో, ముందురోజు, చాయ్ తాగుతూ అయిపోవాలి. దారిలో మొదలుపెడితే అలకలు వస్తాయి.

వేగం ఎవరిది? ఒకే బండి అయితే వెనక కూర్చున్నవారిది. రెండు బండ్లైతే మెల్లగా తోలేవారిది. వయసు, వరస ఇక్కడ పనికిరావు. దీన్ని పెద్దవాళ్ల నోటే చెప్పించండి. "అల్లుడు ఆపమంటే ఆపుతా" అని మామ ఒక్కసారి అంటే పిల్లాడి బెరుకు పోతుంది.

సైగలు. భుజం మీద రెండుసార్లు తడితే మెల్లగా పో. మూడుసార్లు తడితే ఆపు. ఆపమన్నప్పుడు ఎందుకని అడగొద్దు, ముందు ఆపి తర్వాత అడగాలి.

ఆగుళ్లు. ప్రతి 45 నిమిషాలకు ఒక ఆగు, కనీసం ఐదు నిమిషాలు. ఎవరూ అడగక్కరలేదు, ఫోన్‌లో అలారం పెట్టండి. షుగర్ ఉన్న పెద్దాయన మూత్రానికి ఆపమని అడగడానికి సిగ్గుపడి నీళ్లు తాగడం మానేస్తారు, మధ్యాహ్నానికి కళ్లు తిరుగుతాయి. అలారం ఉంటే ఆ ఇబ్బంది ఉండదు.

మందులు. బీపీ, షుగర్ గోలీలు ఎప్పుడు వేసుకుంటారో ఇద్దరికీ తెలియాలి. గోలీలు పెట్టెలో అడుగున కాకుండా జేబులో ఉండాలి.

డబ్బు. పెట్రోలు ఒకరు, తిండి, గది ఇంకొకరు అనుకోండి. చెరి ఐదు వందల రూపాయలు చిల్లర నోట్లుగా ఉంచుకోండి, సిగ్నల్ లేని చోట ఫోన్‌పే పనిచేయదు.

## 4. బండి పని

సర్వీసింగ్ ప్రయాణానికి వారం ముందు చేయించాలి. ముందురోజు చేయిస్తే మెకానిక్ వదులుగా వదిలేసిన బోల్టు డిండి దగ్గర బయటపడుతుంది. వారంలో 50, 60 కిలోమీటర్లు తిరిగితే లోపాలు ఊళ్లోనే తెలిసిపోతాయి.

టైర్లలో గాలి. చైన్ కవరు మీదో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కర్ ఉంటుంది, అదే లెక్క. చాలా 100, 125 సీసీ బండ్లకు ముందు 25 పీఎస్ఐ, వెనక ఒక్కరికి 28 నుంచి 33, ఇద్దరికి 32 నుంచి 41 మధ్య ఉంటుంది. పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి. నడిచి వేడెక్కిన టైరు మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి గాలి తీసేయడం మామూలుగా చేసే తప్పు. ఇద్దరు ఎక్కి ఒక్కరి గాలితో పోతే టైరు పక్కలు నలిగి గుంతల్లో రిమ్ము దెబ్బ తింటుంది.

చైన్. మెయిన్ స్టాండ్ వేసి వెనక చక్రం తిప్పుతూ చైన్ ఎక్కడ బిగువుగా ఉందో వెతకండి. అక్కడ కింది వైపు చైన్‌ను వేలితో పైకి కిందికి ఊపితే 25 నుంచి 30 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అంగుళం కదలాలి. వదులుగా ఉన్న చోట చూసి బిగిస్తే బిగువు చోట చైన్ తెగేంత లాగుతుంది. ఇద్దరి బరువుకు వెనక భాగం దిగినప్పుడు ఇంకా లాగుతుంది. నూనె పెట్టేది 90 గేరాయిల్‌తో, చైన్ లోపలి వైపు, బండి తిరిగి వచ్చి వేడిగా ఉన్నప్పుడు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయొద్దు, దుమ్ము పట్టి గరుకు ముద్దలా మారి పళ్లను అరగదీస్తుంది.

వెనక షాకప్‌లు. ఐదు మెట్లున్న స్ప్రింగైతే ఇద్దరికి నాలుగో మెట్టు, సామానుంటే ఐదు. రెండు వైపులా ఒకే మెట్టు ఉండాలి. ఇది మార్చకుండా వెళ్తే హెడ్‌లైట్ ఆకాశాన్ని చూస్తుంది, ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది, మీకు ముందున్న గుంత కనిపించదు.

బ్రేకులు. ఇద్దరు ఎక్కాక బండి ఆగడానికి దూరం పెరుగుతుంది. వెనక బ్రేకు పెడల్ అంగుళం లోపు తొక్కగానే పట్టాలి. డిస్కు ప్యాడ్ల మందం రెండు మిల్లీమీటర్లకు తగ్గితే మార్చేయండి.

క్లచ్ వైరు. లివర్ చివర 10 నుంచి 15 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. వైరు గుబ్బ దగ్గర ఒక్క పోగు తెగినా మార్చండి. కొత్త వైరు వేశాక పాతది బాగుంటే పారేయకండి. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, అదనపు వైరును ఉన్న వైరు పక్కనే టేపుతో కట్టి ముందే బిగించి ఉంచడం. తెగితే పది నిమిషాల పని.

ముందురోజు ట్రయల్. అసలు సామానుతో, ఇద్దరూ ఎక్కి, సాయంత్రం పానగల్లు ఉదయసముద్రం కట్ట దాకా పోయి రండి. ఖాళీ చోట 40 వేగంలో రెండు మూడు సార్లు బ్రేకు వేయండి. పెట్టె ఎక్కడ ఊగుతుందో, హెల్మెట్లు ఎక్కడ కొట్టుకుంటాయో, ఎవరి కాలు సైలెన్సర్‌కు తగులుతుందో అక్కడే తెలుస్తుంది. తిరిగొచ్చేసరికి పొద్దు గూకుతుంది కాబట్టి లైటు ఎక్కడ పడుతుందో కూడా చూసుకోవచ్చు.

## 5. వెంట ఉండాల్సినవి

పనిముట్లు, విడిభాగాలు:

- క్లచ్ వైరు, యాక్సిలేటర్ వైరు
- స్పార్క్ ప్లగ్, ప్లగ్ పానా
- మీ టైరు సైజు ట్యూబు. ట్యూబ్‌లెస్ అయితే పంచర్ కిట్టు, చిన్న పంపు
- చైన్ లాకు ఒకటి
- 10 ఆంపియర్ల ఫ్యూజులు రెండు
- 10, 12, 14 పానాలు, కటింగ్ ప్లేయర్, స్క్రూడ్రైవర్
- ఎం-సీల్, ఇన్సులేషన్ టేపు, పది ప్లాస్టిక్ ట్యాగులు, నాలుగు మీటర్ల నైలాన్ తాడు

బరువైన పనిముట్లు సీటు కిందో, ట్యాంకు బ్యాగులోనో పెట్టండి. వెనక చక్రం ఇరుసుకు వెనకగా బరువు వేలాడితే గుంతల్లో ముందు చక్రం తేలిపోతుంది, హ్యాండిల్ ఊగుతుంది. సామాను కట్టాక తాళ్ల చివరలు కోసేయండి. వేలాడే తాడు చైన్‌లో పడితే చక్రం నిలిచిపోతుంది.

కాగితాలు: లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్. డిజిలాకర్‌లో ఉన్నా చాలు. ఇద్దరికీ ఐఎస్ఐ హెల్మెట్ తప్పనిసరి.

ఇన్సూరెన్సులో ఒక సంగతి చాలామందికి తెలియదు. పాలసీతో వచ్చే తప్పనిసరి ప్రమాద బీమా బండి యజమానికే. వెనక కూర్చున్నవారికి అది వర్తించదు, థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మన బండి పాలసీ నుంచి వాళ్లకు పరిహారం రావడం కష్టం. బావ బండిని బామ్మర్ది నడుపుతుంటే ఇంకా చిక్కు. పాలసీ రెన్యువల్ అప్పుడు వెనకవారికి కూడా ప్రమాద బీమా కలిపించుకోండి, ఖర్చు పెద్దగా ఉండదు.

108, 112 నంబర్లతో పాటు ఇంట్లో ఒకరి నంబరు కాగితం మీద రాసి ఇద్దరి జేబుల్లో పెట్టండి. లాక్ పడిన ఫోన్‌లోంచి నంబరు తీయడం ఎవరివల్లా కాదు.

## 6. వెనక కూర్చునేవారికి

- రెండు కాళ్లు రెండు వైపులా వేసి కూర్చోవాలి. పక్కకు తిరిగి కూర్చుని 200 కిలోమీటర్లు వద్దు. ఆడవాళ్లు చుడీదార్ వేసుకుని చున్నీ లోపలికి కట్టేసుకోవాలి. ధోతి కట్టే పెద్దాయన ఈ రెండు రోజులు ప్యాంటు వేసుకోవాల్సిందే.
- ఎక్కే ముందు, దిగే ముందు చెప్పాలి. నడిపేవాళ్లు రెండు కాళ్లు నేల మీద ఆనించి "ఊఁ" అన్నాకే కదలాలి.
- మలుపులో నడిపేవారి లోపలి భుజం మీదుగా చూడాలి. ఒళ్లు దానంతటదే సరైన వైపు వంగుతుంది. భయపడి ఎదురువైపు వంగితే బండి మలుపు తిరగకుండా బయటికి పోతుంది.
- స్పీడ్ బ్రేకర్ రాగానే పాదాల మీద కొంచెం లేవాలి. నడుము నొప్పి సగం తగ్గుతుంది.
- ఆగినా పాదాలు ఫుట్‌రెస్టుల మీదే ఉండాలి. సాయం చేద్దామని కాలు కింద పెడితే బండి అటే ఒరుగుతుంది.

## 7. దారిలో ఎదురయ్యేవి

ఈ భాగం నెమ్మదిగా చదవండి. మిగతావి హైవే మీద కూడా పనికొస్తాయి, ఇవి మాత్రం ఈ దారులవే.

చెరువు కట్ట. కట్ట మీది దారి ఒక బండికి సరిపోయేంతే ఉంటుంది. అంచున గడ్డి పచ్చగా కనిపిస్తుంది, దాని కింద మట్టి జారిపోయి ఉంటుంది. రెండు చక్రాల జాడల్లో ఏదో ఒక దాంట్లోనే పోవాలి, అంచుకు మీటరు దూరం ఉండాలి. ఎదురుగా ట్రాక్టర్ వస్తే తూము దగ్గర కట్ట వెడల్పుగా ఉంటుంది, అక్కడ ఆగి దారి ఇవ్వండి. వెనకవారిని దింపేసి బండిని నెట్టుకుంటూ పక్కకు పెట్టడంలో నామోషీ ఏమీ లేదు. నీటివైపు రాతికట్టు మీదికి ఎక్కించొద్దు, పాచి ఉంటుంది.

తుమ్మ ముళ్లు. కట్టల మీద సర్కారు తుమ్మ కొట్టేసినప్పుడు ముళ్లు దారి మీదే పడి ఉంటాయి. ముల్లు టైరులో దిగి పైన విరిగిపోతుంది, మొన మాత్రం లోపల ఉండిపోతుంది. గాలి ఒక్కసారిగా పోదు, అరగంటకు కొంచెం కొంచెం తగ్గుతుంది. పంచర్ దుకాణంలో ట్యూబుకు ప్యాచీ వేసి బిగించేస్తే పది కిలోమీటర్లకు మళ్లీ అదే చోట పంచరవుతుంది. ప్యాచీ వేశాక టైరు లోపలంతా బట్టతో తుడిపించండి. ముల్లున్న చోట బట్ట పట్టుకుంటుంది, బయటి నుంచి పానాతో పొడిచి మొనను తీయించాలి. దగ్గర నిలబడి చేయించుకుంటేనే ఈ పని జరుగుతుంది.

వడ్లు. రోడ్డులో సగం ఆరబోసి అంచున రాళ్లు పేరుస్తారు. వడ్ల మీద చక్రం ఎక్కితే గింజలు దొర్లి బండి జారుతుంది. బ్రేకు వేస్తే ఇంకా జారుతుంది. దూరం నుంచి పసుపు చార కనిపించగానే వేగం 20కి తెచ్చి, ఖాళీ సగంలో ఎదురుగా ఎవరూ లేరని చూసుకుని పోవాలి. తప్పక ఎక్కాల్సి వస్తే హ్యాండిల్ నిటారుగా, యాక్సిలేటర్ కదలకుండా, బ్రేకు ముట్టకుండా దాటండి. వడ్లు ఎత్తేశాక రాళ్లు అక్కడే మిగిలిపోతాయి. రాత్రిపూట నల్ల పరదాలు కప్పిన కుప్పలు దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. పొద్దు గూకాక ఈ రోడ్లు వద్దనడానికి ఇది ఒక్కటి చాలు.

నల్లరేగడి, ఎర్ర చెల్క. వాన వెలిశాక ఎర్ర చెల్క దారి కాసేపట్లో గట్టిపడుతుంది. నల్లరేగడి అలా కాదు, మడ్‌గార్డుకు, టైరుకు మధ్య ఇరుక్కుని చక్రాన్ని తిరగనివ్వదు. వంద మీటర్లు పోయి ఇరుక్కుంటే గంట పని. నల్లటి మట్టి కనిపిస్తే వెనక్కి తిరిగి తారురోడ్డు పట్టండి.

తేలిన చెరువు నేల. నీళ్లు వెనక్కి పోయిన చోట నేల పగుళ్లు వేసి ఎండినట్టు కనిపిస్తుంది. ఫొటో కోసం బండిని నీళ్ల దాకా దింపాలనిపిస్తుంది. పై పెంకు నాలుగు వేళ్ల మందమే, అడుగున మెత్తటి బురద. వెనక చక్రం ఇరుసు దాకా దిగుతుంది, ట్రాక్టరు తప్ప దిక్కుండదు. బండిని గట్టునే ఉంచి నడిచి వెళ్లండి.

వాగులు, లో లెవల్ బ్రిడ్జీలు. పారే నీళ్ల కింద రోడ్డు కనిపించకపోతే దాటొద్దు. ముందు వెళ్లినవాడు దాటాడని మీరూ దిగొద్దు. రెండో రోజు దారిలో మదనాపురం దగ్గర ఊకచెట్టు వాగు ఉంది. సరళాసాగర్‌కు మామూలు గేట్లు లేవు, సైఫన్లు (వంపు తిరిగిన గొట్టాల్లాంటి దారులు) ఉన్నాయి. చెరువు నిండగానే ఎవరూ ఏమీ ఎత్తకుండానే వాటిలోంచి నీళ్లు వాటంతటవే దూకుతాయి. కింద వాగు ఉన్నట్టుండి పెరుగుతుంది, కొత్తకోట, ఆత్మకూరు మధ్య రాకపోకలు ఆగిపోతాయి. వానల రోజుల్లో కొత్తకోటలోనే అడిగి తెలుసుకోండి. పారుతోందంటే సరళాసాగర్ వదిలేసి 44 నంబరు హైవే మీదుగా మహబూబ్‌నగర్ పోవడమే.

నిలిచిన నీళ్లైతే వెనకవారిని దింపి, మొదటి గేరులో, హాఫ్ క్లచ్‌తో, యాక్సిలేటర్ వదలకుండా దాటాలి. మధ్యలో వదిలితే సైలెన్సర్‌లోకి నీళ్లు ఎక్కుతాయి. దాటాక రెండు బ్రేకులు మెల్లగా నొక్కుతూ కొంత దూరం పోతే ఆరతాయి.

కాల్వ గట్లు. లైనింగ్ ఉన్న పెద్ద కాల్వల్లో కాళ్లు కడుక్కోవడానికి కూడా దిగొద్దు. ఏటవాలు సిమెంటు మీద పాచి పడితే పట్టు దొరకదు, ఈత వచ్చినవాళ్లు కూడా పైకి ఎక్కలేరు.

గొర్ల మందలు, బర్రెలు. హారన్ కొడితే మంద చెదిరి మీదికే వస్తుంది. ఆగి కాపరి వైపు చూడండి, అతనే దారి చేస్తాడు. బర్రె తల ఎటు ఉందో చూసి దాని వెనకవైపు నుంచి దాటాలి.

సాయంత్రం పురుగులు. చెరువుల పక్కన పొద్దు వాలే వేళ సన్నటి పురుగులు గుంపులుగా లేస్తాయి. హెల్మెట్ అద్దం తెల్లదే ఉండాలి, పూర్తిగా దించాలి. నల్ల అద్దమొక్కటే ఉంటే ఆ వేళకు ఎత్తక తప్పదు, ఎత్తితే కంట్లో పడతాయి.

## 8. రెండు బండ్లైతే

పక్కపక్కన మాట్లాడుకుంటూ పోవడం ఈ రోడ్ల మీద కుదరదు. మెల్లగా తోలేవారు ముందు ఉండాలి. ముందు బండి దాటిన చోటికి వెనక బండి రావడానికి కనీసం రెండు సెకండ్లు పట్టేంత దూరం ఉండాలి, దుమ్ము లేస్తుంటే ఇంకా ఎక్కువ.

మలుపు తిరిగిన ప్రతిచోటా ముందువారు ఆగి, వెనక బండి కనిపించాకే కదలాలి. సిగ్నల్ లేని చోట ఇది తప్పితే వేరే ఉపాయం లేదు. విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి: చివరిగా ఇద్దరూ కలిసి ఆగిన చోటే. ఒకరినొకరు వెతుక్కుంటూ ఇద్దరూ తిరిగితే ఎవరికీ ఎవరూ దొరకరు.

## 9. తిండి, కల్లు, పడక

పొద్దున తేలిగ్గా తినండి. సోమశిలలో చేపల పులుసు కావాలంటే కొల్లాపూర్ నుంచే ఫోన్ చేసి చెప్పండి, చెప్పాకే వండుతారు. మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిని వెంటనే బండెక్కితే నిద్ర తూగుతుంది, ముందు నడిపేవారికన్నా వెనక కూర్చున్నవారికి ఎక్కువ. వెనకవారు తూగితే బండి అదుపు తప్పుతుంది. జొన్నరొట్టె, పప్పుతో సరిపెట్టి రాత్రికి బాగా తినండి. గంటకు అర లీటరు నీళ్లు, ఎండ ఉంటే మధ్యలో ఓఆర్ఎస్. నల్లగొండ వైపు బత్తాయిలు దొరికినప్పుడు నాలుగు సంచిలో వేసుకోండి.

కల్లు సంగతి. బావా బామ్మర్దులు కలిశాక దారి పక్కన తాటివనం కనిపిస్తే ఒక్క ముంత అనిపిస్తుంది. బండి రాత్రికి స్టాండ్ వేసి తాళం తీశాకే. వెనక కూర్చున్నవారికీ ఇదే నియమం, తాగినవారు మలుపుల్లో కుదురుగా కూర్చోలేరు. ఈ మాట కూడా మూడో అంకెలోని మాటలతో పాటే ఇంట్లో తేల్చుకోండి.

సోమశిలలో పర్యాటక శాఖ హరిత కాటేజీలు ఉన్నాయి. శని, ఆదివారాలకు ముందే బుక్ చేయాలి. దొరక్కపోతే కొల్లాపూర్‌కు పది కిలోమీటర్లు వెనక్కి వచ్చి పడుకోవాలి, ఆ పది కిలోమీటర్లు చీకట్లో పడకుండా చూసుకోండి.

## 10. దారిలో చెడిపోతే

క్లచ్ వైరు తెగింది, అదనపు వైరు లేదు. వెనకవారు దిగాలి. న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, బండిని పరుగుతో నెట్టి, కదులుతుండగా మొదటి గేరు వేయాలి. పై గేర్లకు యాక్సిలేటర్ ఒక్క క్షణం వదిలి గేరు పెడల్ కదిపితే పడతాయి. ఆగే ముందే న్యూట్రల్ చేయాలి. దగ్గరి మెకానిక్ దాకా మాత్రమే.

ట్యూబు టైరు పంచర్. మెల్లగా పోదాం అనుకోవద్దు. ట్యూబు లోపల తిరిగి మౌతు దగ్గర చిరుగుతుంది, ఇక ప్యాచీ పనికిరాదు. చక్రం విప్పి ఆటోలో పంపడమే చవక. మనిషి బండి దగ్గర ఒకరు, చక్రంతో ఒకరు.

ట్యూబ్‌లెస్‌లో మేకు. కిట్టు చేతిలో లేకుండా మేకు పీకొద్దు. గాలి కొట్టించుకుంటూ ఒక్కరే నడిపి దుకాణం దాకా పోవచ్చు.

నీళ్లలో ఇంజిన్ ఆగింది. సెల్ఫ్ కొట్టొద్దు, కిక్కు కొట్టొద్దు. లోపల నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. గట్టుకు నెట్టి, ప్లగ్ విప్పి, ఇగ్నిషన్ ఆపి, కిక్కు మెల్లగా చేత్తో తిప్పితే నీళ్లు బయటికి చిమ్ముతాయి. ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూసి ఆరబెట్టండి. ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే స్టార్ట్ చేయకుండా మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లండి.

ఎత్తు ఎక్కుతుంటే బండి గుంజడం లేదు. సీసా పెట్రోలు పోయించారా? కిరాణా కొట్ల సీసాల్లో నీళ్లు, చెత్త ఉండే వీలుంది. దేవరకొండ, అచ్చంపేట, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్, వనపర్తిలో బంకులున్నాయి. ట్యాంకు సగానికి రాగానే నింపుకుంటే సీసా అవసరమే రాదు.

## 11. ఇంటికొచ్చాక

బండి చల్లబడ్డాక కడగండి, వేడి ఇంజిన్ మీద నీళ్లు కొట్టొద్దు. చైన్ తుడిచి నూనె పెట్టండి. టైర్లను చేత్తో తడిమి ముళ్లు మిగిలాయేమో చూడండి, ఇది ఒక్కరోజులో అయ్యే పని కాదు, వారం దాకా గాలి తగ్గుతుందేమో గమనించాలి. షాకప్‌లను పాత మెట్టుకు, వెనక గాలిని ఒక్కరి లెక్కకు తెచ్చేయండి. హెడ్‌లైట్ స్క్రూ తిప్పి ఉంటే దాన్నీ పాత చోటికి తిప్పేయండి.

పెట్రోలు, గది లెక్కలు ఆ రాత్రే చూసేసుకోండి. వారం పోతే బామ్మర్దిని అడగడం ఎవరి తరమూ కాదు.